బొట్టు లేని డబ్బా

పరశురాం అబద్ధం చెబుతున్నాడని నాకు రెండో మాటకే తెలిసిపోయింది. నిజం చెప్పేవాడు తడబడతాడు, వెనక్కి వెళ్లి సరిదిద్దుకుంటాడు, మధ్యలో ఏడుస్తాడు. ఇతను మాత్రం పంతులు ముందు ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా చెప్పుకుపోతున్నాడు.

"నేను, రాజనర్సు కలిసి బ్యాటరీ కంటైనర్ల పూజ జేసినం సార్. కొబ్బరికాయ గొట్టినం. ఊదువత్తులు ముట్టిచ్చినం. పొగకు గ్యాస్ ఇడిసింది. నేను బయటున్న. రాజనర్సు లోపల్నే సచ్చిపోయిండు. తప్పు మాదే."

పోలీస్ స్టేషన్లో చిన్న గది. బల్లకి అవతల పరశురాం, ఇవతల నేను, నా పక్కన జమున. జమునది కాకినాడ. మినాగావా అనే జపాన్ బ్యాటరీ కంపెనీకి బహ్రెయిన్‌లో ప్రతినిధి. చావు జరిగిన మర్నాడే టోక్యో ఆఫీసు బయటి మనిషితో విచారణ చేయించమందట. ఆవిడ నన్ను పిలిచింది. పారిపోయిన మొగుళ్లని, పోయిన పాస్‌పోర్టులని వెతికిపెట్టే ఈ కన్నబాబుకి ఇంత పెద్ద కేసు ఎందుకిచ్చిందో ఆలోచించాల్సింది. మనకి పెద్దపీట వేస్తే వేసినవాళ్లని అనుమానించే అలవాటు నాకు లేదు.

కేసు చూడబోతే సులువు. కర్జకాన్ ఊరు దాటాక ఇసక మైదానంలో తెల్లటి కంటైనర్లు వరసగా నిలబెట్టారు. వాటి నిండా మినాగావా బ్యాటరీలే. పగలు ఎండ నుంచి పుట్టిన కరెంటుని దాచి, చీకటి పడ్డాక ద్వీపమంతా ఏసీలు వేసుకునే వేళకి వడ్డిస్తాయి. లోపల పొగ కనిపిస్తే నిప్పుకి ఊపిరాడకుండా చేసే గ్యాస్ దానంతటదే వదులుతుంది. నిప్పుకి అందని గాలి మనిషికి మాత్రం ఎలా అందుతుంది? రాజనర్సు అలా పోయాడు. ఈ సాయంత్రం పరశురాం వాంగ్మూలం ప్రాసిక్యూటర్ దగ్గరికి వెళ్తుంది. వెళ్లిందా, స్నేహితుణ్ణి చంపుకున్నవాడిగా జైలుకి పోతాడు.

"మిట్టమధ్యాహ్నం కంటైనర్లో మీకేం పని?" అన్నాను.

"ఎండకు బయట పని బంద్ గద సార్. గవర్నమెంట్ రూలు. అండ్ల సల్లగుంటది. తిని ఆడ్నే పంటం."

బ్యాటరీ వేడెక్కకూడదు, అందుకని దానికి రాత్రీ పగలూ ఏసీ. మనిషికి ఎండలో పని వద్దని రూలైతే ఉంది, ఎక్కడ పడుకోవాలో మాత్రం ఏ రూలూ చెప్పలేదు. చెప్పే ఉద్దేశం కూడా ఎవరికీ ఉన్నట్టు లేదు.

జమున ఫోన్ మోగింది. "ఒక్క నిమిషం అండి" అని బయటికి వెళ్లింది. తలుపు దగ్గరున్న పోలీసు కూడా ఆమెకి దారివ్వడానికి గడప దాటాడు. అంతే, పరశురాం బల్ల మీదికి వంగి నా చెయ్యి పట్టుకున్నాడు.

"రాజనర్సు పూజ జెయ్యలే సార్! ఆని అన్న సచ్చిపోయిండు ఊర్ల. ఇంక దినాలు గాలే. మైలల ఉన్నోడు ఊదువత్తి ముడ్తడా? దేవుని పటం మొకమే సూస్తలేడు ఆడు. నేను గిన్నెలు కడుగవోయిన. అచ్చేవరకు తలుపు సందుల్నుంచి పొగ. ఆన్ని గుంజి బయటేసిన. అండ్ల కొబ్బరికాయ లేదు, ఏం లేదు."

"మరి సంతకం ఎందుకు పెట్టావు?"

"పెడితే పీనుగు జల్ది ఇంటికి పోతదన్నరు. పెట్టకుంటే కేసు అయ్యేదాంక ఐసు డబ్బల్నే ఉంటదన్నరు. ఇంటికాడ ఆళ్లమ్మ చంద్రవ్వ ఉన్నది సార్. పెద్దకొడుకు దినాలు గాకముందే చిన్నకొడుకు. కండ్లతోనన్న సూస్కుంటది గదా అని పెట్టిన."

"ఎవరన్నారు ఆ మాట?"

నోరు తెరిచాడు. తలుపు తెరుచుకుంది. మంచినీళ్ల సీసాతో జమున లోపలికి వచ్చింది, వెనకాలే పోలీసు. పరశురాం నా చెయ్యి వదిలేసి కుర్చీలో వెనక్కి జరిగాడు.

"పూజ జేసినం సార్. తప్పు మాదే."

పోలీసుని చూసి జడిశాడనుకున్నాను. పాపం, జమున ఆ నీళ్ల సీసా మూత తీసి మరీ అతని ముందు పెట్టింది.

బయటికి వచ్చాక ఆవిడతో చెప్పాను. "ఇతన్ని ఇక్కడ ఉంచితే నోరు విప్పడండి. ఏదోలా బయటికి తెప్పించాలి."

"మా కంపెనీ పూచీ మీద విడిపిస్తానండి" అంది వెంటనే. "అమ్వాజ్‌లో మాకు గెస్ట్‌హౌస్ ఉంది. అక్కడ ఉంచుతాను. మీరు సైట్‌కి వెళ్లి చూసి రండి. తొగావా గారు జపాన్ నుంచి నిన్ననే దిగారు, అక్కడే ఉన్నారు."

చల్లగా ఉండు తల్లీ అనుకుంటూ కారెక్కాను.

* * *

కంటైనర్ గుమ్మం ముందు అచ్చిబాబు నిలబడి ఉన్నాడు. కూలీలని తెచ్చిన కాంట్రాక్టు కంపెనీకి సేఫ్టీ ఆఫీసరు. ఊరు పాలకొల్లు, నోరు గోదావరి. అతని సైట్లలో మనుషులు పడతారు, కాలతారు, నలుగుతారు, ప్రతిసారీ తప్పు వాళ్లదేనని అతని రిపోర్టు నెగ్గుతుంది. పోయినేడు అలాంటి కేసులోనే నన్ను మట్టి కరిపించాడు.

"రండి రండి డిటెక్టివ్ గారూ. లేచిపోయిన పెళ్లాలందరూ దొరికేశారా ఏంటి?"

"దొరికేశారండి. మీ దగ్గర పోయినవాళ్లే తిరిగి దొరకట్లేదు."

"ఇందులో మీరు పొడిచేదేముంది చెప్పండి? వీళ్లు ఎక్కడికెళ్లినా కర్పూరం, కొబ్బరికాయ. మిషన్ కనబడితే చాలు, దణ్ణం. వద్దని చెబితే వింటారా? చచ్చాడు. ఖలాస్."

లోపల నెరిసిన జుట్టు పెద్దాయన ఒకరు ఒంగి నిలబడి ఉన్నారు. రాజనర్సు పడిపోయిన చోటుకి నమస్కరిస్తున్నారని కాసేపటికి గానీ అర్థం కాలేదు. ఆయనే తొగావా. ఈ కంటైనర్ల నమూనా గీసిన ఇంజినీరు. అచ్చిబాబు మాత్రం నల్లకళ్లద్దాలు కూడా తియ్యలేదు.

నేల మీద పోలీసులు పట్టీ వేసిన చోట పూజ సామాను అలాగే ఉంది. స్టీలు పళ్లెం, పగిలిన కొబ్బరి చిప్పలు, అరటిపండుకి గుచ్చిన అగరొత్తుల పుల్లలు, కర్పూరం మసి. ముచ్చటగా సర్దారు.

"రాజనర్సు ఈమధ్య లీవు అడిగాడా?" అన్నాను మామూలుగా.

"అడిగాడు. వాళ్ల అన్న పోయాడంట. అన్నకి ఎమర్జెన్సీ లీవు లేదండి. తల్లి, తండ్రి, పెళ్లాం, పిల్లలు, అంతే. నేనే వద్దన్నాను. ఆరోజు నుంచి మొహం వేలాడేసుకుని తిరిగాడు. శనివారం క్యాంపులో భజన పెట్టుకుంటే గుమ్మం బయట కూర్చున్నాడు, ప్రసాదం కూడా ముట్టలేదు. అంత పొగరు!"

"పొగరు కాదు, మైల. అన్న పోయి దినాలు కానివాడు, ప్రసాదమే ముట్టనివాడు, ఇక్కడికొచ్చి కొబ్బరికాయ కొట్టాడా? మీ పాలకొల్లులో కొడతారా అచ్చిబాబు గారూ?"

అతను కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడిచాడు.

"గల్ఫ్‌లో మైలేంటండీ బాబూ" అన్నాడు చివరికి. గొంతులో జోరు తగ్గింది.

"ప్రసాదం ముట్టలేదని చెప్పింది మీరే."

గుమ్మం పైన ఎర్రటి సైరన్ ఉంది. దాని తీగ ప్లగ్గులో లేదు, గాల్లో వేలాడుతోంది. తొగావాకి చూపించాను. ఆయన స్టూలెక్కి చేత్తో పట్టుకుని చూసి, ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పారు. పొగ కనబడగానే మొదట ఇది మోగాలి. నిద్రలో ఉన్న మనిషి లేచి, నడిచి బయటపడేంత సేపు మోగాలి. ఆ తర్వాతే గ్యాస్ రావాలి. ఆ కాస్త సేపు ఎంత ఉండాలన్న దాని మీద వాళ్ల ఆఫీసులో నెలల తరబడి వాదించుకున్నారట.

"ఇది ఎవరు పీకారు?" అన్నాను.

"దుమ్ము లేచినప్పుడల్లా కూసేదయ్యా!" అచ్చిబాబు మర్యాద మర్చిపోయాడు. "కూసినప్పుడల్లా పని ఆపాలి. ప్రారంభోత్సవం దగ్గరపడింది. తీసేయమన్నారు, తీయించాను."

"తీసేయమంది ఎవరు?"

"పైవాళ్లు. నోటిమాట. నేనిప్పుడు ఎవరి పేరు చెప్పినా వాళ్లు కాదంటారు. మధ్యలో పోయేది నేనే." ఒక అడుగు దగ్గరికి వచ్చాడు. "ఇదిగో కన్నబాబూ, ఈ సైరన్ మాట నీ రిపోర్టులో రాశావంటే నీకు ఈ ద్వీపంలో ఇంకో కేసు రాదు. నాకూ పెళ్లాం బిడ్డలున్నారు."

"రాజనర్సుకి తల్లి ఉంది. మొన్నటిదాకా ఇద్దరు కొడుకులు కూడా ఉండేవారు."

అతని మొహం ఎర్రబడింది. కొడతాడేమో అనుకున్నాను. కొట్టి ఉంటే నాకే బాగుండేది, ఒకటి తిరిగి ఇచ్చి ఉండేవాణ్ణి. అతను బయటికి వెళ్లి గుమ్మం పక్కన నిలబడ్డాడు.

పూజ జరగలేదు. మరి పొగ ఎక్కణ్ణించి వచ్చింది? అదే అడిగాను తొగావాని. బ్యాటరీ దానంతటదే వేడెక్కి పొగ వదిలి ఉంటే లోపల ఒక బ్యాటరీ డబ్బా కాలి, ఉబ్బి ఉండాలి, ఉదయం నుంచి చూస్తున్నాను, అన్నీ బాగానే ఉన్నాయి అన్నారాయన. ఉన్నమాట చెబుతున్నారనిపించింది, ఎందుకంటే ఆ మాట చెబుతున్నప్పుడు ఆయనకి సంతోషం లేదు.

టార్చి తీసుకుని నేనే చూశాను. రెండు వైపులా బీరువా అరల్లాగా పైనుంచి కింది దాకా తెల్లటి డబ్బాలు. ప్రతి డబ్బా మొహాన ఒక పసుపు మరక, దాని నడుమ వెలిసిపోయిన కుంకుమ.

"ఇవేంటి?" అన్నాను.

తొగావా మొదటిసారి కొంచెం నవ్వారు. కిందటి చలికాలం డబ్బాలు బిగించిన రోజు పనివాళ్లు పెట్టారట. చనిపోయినతనూ, అతని స్నేహితుడూ. బ్యాటరీ మీద ఏదీ పూయకూడదని తను మొదట అభ్యంతరం చెప్పారట. తర్వాత చూస్తుంటే ఒక్కో డబ్బాని పేరు పెట్టి పలకరిస్తున్నట్టు అనిపించి ఊరుకున్నారట. ఎంత తుడిచినా ఆ పసుపు పోలేదని కూడా చెప్పారు.

పోదు. తెల్ల ప్లాస్టిక్‌కి అంటిన పసుపు ఎలా వదలదో మా అమ్మ దగ్గర తిట్లు తిన్న ప్రతి చెంచాకీ తెలుసు.

ఎడమ వైపు, అడుగు వరసలో, వెనకాల మూలన ఒక డబ్బా తెల్లగా ఉంది. పసుపు లేదు, కుంకుమ లేదు. గోరుతో గీరి చూశాను. వేలికి దుమ్ము కూడా అంటలేదు.

తొగావా మోకాళ్ల మీద కూర్చుని ఆ డబ్బా అంచున ఉన్న నంబరు చదివారు. పక్క డబ్బాది చదివారు. మళ్లీ మొదటిదే చదివారు.

"ఇది మాదే. కానీ ఇక్కడ బిగించినవాటిలోది కాదు. విడిగా పంపిన స్పేర్లలోది. అవి మీనా సల్మాన్ రేవులో మా గోడౌన్‌లో ఉంటాయి."

"గోడౌన్ తాళం?"

"జమున గారి దగ్గర" అన్నారు, తనేం చెప్పారో చెప్పాకే తెలిసొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

బయటికి వచ్చి అచ్చిబాబుని నిలదీశాను. "శవాన్ని తీసుకెళ్లాక ఇక్కడికి మొదట వచ్చిందెవరు?"

"జమున మేడం, ఆవిడ మనుషులిద్దరు. బ్యాటరీలో కరెంటుంటుంది, మేం సరే అనేదాకా ఎవరూ లోపలికి రావొద్దంది. పోలీసులు కూడా సాయంత్రం దాకా బయటే కూర్చున్నారు." అంటూనే అతను ఆగిపోయాడు. "ఆవిడకి మైల సంగతి తెలీదు" అన్నాడు చిన్నగా. "నాకైతే తెలుసు. తెలిసీ పూజేనన్నాను."

ఒక డబ్బా దానంతటదే పొగ వదిలిందంటే దాంతోపాటు తయారైనవన్నీ ఆపాలి. ప్రారంభోత్సవం ఉండదు, ద్వీపమంతా బ్యాటరీలు పెట్టే ఆర్డరూ ఉండదు. అందుకని కాలిన డబ్బా మాయమైంది, దాని పొగకి పూచీగా ఒక కొబ్బరికాయ వచ్చింది. తెలుగింటి ఆడపడుచు కాబట్టి పూజ శుభ్రంగానే అమర్చింది. పూజ చేశాడంటున్న మనిషి ఇంట్లో చావు జరిగిందేమో కనుక్కోవాలని మాత్రం తట్టలేదు. అలాంటివాళ్ల ఇళ్లలో ఏం జరుగుతుందో ఆవిడకి ఎప్పుడు పట్టింది గనక!

తొగావా అప్పటికే పక్క కంటైనర్ తలుపు తెరిచి, వచ్చీరాని హిందీలో "బాహర్, బాహర్" అని అరుస్తున్నారు. లోపల నిద్రపోతున్న పనివాళ్లు కళ్లు నులుముకుంటూ బయటికొచ్చారు. తర్వాత మూడో కంటైనర్, నాలుగోది. అందరూ వచ్చి మండుటెండలో నిలబడ్డారు, తమని ఎందుకు తరిమారో తెలియక ఆ ముసలాయన్ని తిట్టుకుంటూ.

నేను జమునకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. అచ్చిబాబు వినాలని.

"చెప్పండి కన్నబాబు గారూ. పరశురాం నాతోనే ఉన్నాడు, కార్లో. ఇప్పుడే బయల్దేరాం." రోడ్డు హోరు వినబడుతోంది. ఆవిడా కారు స్పీకర్‌లోనే మాట్లాడుతోంది.

"ఎడమ పక్క అడుగు వరసలో బొట్టు లేని డబ్బా ఉందండి. దాని బదులు తీసేసిన డబ్బా ఎక్కడ దాచారు?"

"నేను ఎవర్నీ చంపలేదండి" అంది. గొంతు ఏమాత్రం పెరగలేదు. "నేను వెళ్లేసరికే అతను పోయాడు. పోయినవాణ్ణి నేను తీసుకురాలేను. ఉన్నవాళ్ల సంగతి చూశాను, అంతే."

"మైలలో ఉన్నవాడి చేత పూజ చేయించారు."

"మైలా?" నిజంగానే తెలియదు ఆవిడకి. మళ్లీ సర్దుకుంది. "సరే, వినండి. మీ రిపోర్టులో ఒక్క మాట రాయండి. పూజ చేసింది రాజనర్సు ఒక్కడే అని. పరశురాం మీద కేసు ఉండదు. శవంతోపాటే రేపు ఇంటికి వెళ్తాడు, టికెట్ కూడా నేనే తీస్తాను. మీరు మీ డబ్బా సంగతి పట్టుకుని కూర్చుంటే, నా పూచీ నేను వెనక్కి తీసుకుంటాను. సంతకం పెట్టిన వాంగ్మూలం పోలీసుల దగ్గరే ఉంది. అతను లోపలికి, శవం ఐసులోకి. ఆలోచించుకోండి. ఆ తల్లికి ఏది కావాలో."

సంతకం ఎవరు పెట్టించారో ఇంక అడగనక్కర్లేదు. ఒళ్లు మండిపోయింది నాకు. అంతకంటే ఎక్కువ నా మీద నాకే మండింది. పరశురాంని తీసుకెళ్లి ఆ చేతుల్లో పెట్టింది నేనే.

"సార్." పరశురాం గొంతు. వెనక సీట్లోంచి కాబోలు, దూరంగా వినబడింది. "బొట్టు లేని డబ్బ దొరికిందా సార్? నిజంగనా?"

"దొరికింది తమ్ముడూ. నేనే చూశాను. జపాన్ ఆయన కూడా చూశాడు."

"బొట్లన్ని రాజనర్సే వెట్టిండు సార్. నేను పసుపు గిన్నె వట్టుకున్న." ఊపిరి తీసుకున్నాడు. "మేడం, బండి ఆపుండ్రి."

"కూర్చో పరశురాం. రేపు ఇంటికెళ్తావు."

"చంద్రవ్వకు ఏమని చెప్పాలె మేడం? నీ కొడుకు ఆని అన్న మైలల దీపం ముట్టిచ్చుకొని సచ్చిండని చెప్పాల్నా? ఊరంత నమ్ముతది. ఆమె గూడ నమ్ముతది. నేను సెప్పినంక నమ్మకపోతదా? ఆపుండ్రి!"

బ్రేకు కీచుమంది. వెనకనుంచి ఎవడో హారన్ మీద చెయ్యి తియ్యకుండా నొక్కుతున్నాడు. తలుపు చప్పుడు, జమున "ఏయ్, ఆగు!" అని కేక. ఆ తర్వాత ఫోన్ కట్టయింది.

నేనూ అచ్చిబాబూ ఒకరినొకరం చూసుకున్నాం. పూచీ ఇచ్చిన కారులోంచి దూకినవాడి చేతిలో పాస్‌పోర్టు లేదు, ఫోన్ లేదు. అతని వీసా అచ్చిబాబు కంపెనీ మీద ఉంది. పారిపోయాడని ఆ కంపెనీ ఒక్క ఫిర్యాదు ఇస్తే చాలు, పరశురాం కనబడ్డచోట పట్టుకుంటారు, ఆపైన వాడు ఏం చెప్పినా దొంగమాటే అవుతుంది. కూలీల కంపెనీ తరఫున అలాంటి ఫిర్యాదు ఇచ్చే పని ఈ సైట్‌లో అచ్చిబాబుదే.

"ఇవ్వకండి" అన్నాను. జీవితంలో మొదటిసారి అతన్ని బతిమాలాను. "మీకు తెలుసు, వాడు ఏ తప్పూ చెయ్యలేదు."

అచ్చిబాబు ఎండలో నిలబడ్డ పనివాళ్ల వైపు చూశాడు. గుమ్మం పైన వేలాడుతున్న సైరన్ తీగ వైపు చూశాడు. అతని జేబులో ఫోన్ మోగింది. తీసి పట్టుకుంటే తెర మీద జమున పేరు నాకూ కనిపించింది. అది చాలాసేపు మోగింది. అతను నాకు వీపు తిప్పి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"చెప్పండి మేడం" అన్నాడు.